ముఖంలో కంప్యూటర్ కనబడవలెను

కంప్యూటర్ తెలిసిన మనిషిని తెలియని మనిషి నుంచి వేరుచేసే ఉపాయం దొరక్క మానవజాతి ఇంతకాలం నానా తంటాలు పడింది. పరీక్షలు పెట్టింది, పట్టాలు ఇచ్చింది, పట్టాలున్నవాళ్లకు మళ్లీ పరీక్షలు పెట్టింది. చివరికి ఆ చిక్కుముడి విప్పిన ఘనత గోదావరిఖనిలోని బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసుకు, అందులోనూ రెండో అంతస్తులో మరుగుదొడ్డి పక్కనున్న సిబ్బంది విభాగానికి దక్కింది. తెలివి లోపల ఉంటుందని అనుకోబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదని, నిజానికది పైకే కనబడుతుందని వాళ్లు తేల్చారు. ఎలా కనబడుతుందో సినిమావాళ్లు ఏనాడో చూపించారు. మనమే టికెట్టు కొనుక్కుని చూసి కూడా గమనించలేదు.

సంగతి ఒక ఉత్తర్వుతో మొదలైంది. ప్రతి ఏరియాకూ ఒక కంప్యూటర్ నిపుణుడు ఉండి తీరాలని పైనుంచి కాగితం వచ్చింది. (పైనుంచి అంటే ఎక్కడినుంచి అని అడగకూడదు. బొగ్గుబాయిలో పైనుంచి వచ్చేదాన్ని ఎవరూ ప్రశ్నలడగరు, పక్కకు తప్పుకుంటారు.) నిపుణుడు ఉండాలని అందులో ఉంది గానీ నిపుణుణ్ని ఎలా గుర్తుపట్టాలో లేదు. సిబ్బంది అధికారి జాన్ ప్రసాద్ గారు మనసుపెట్టి పనిచేసే మనిషి. ఏ పని నెత్తిన పడ్డా ముందు కమిటీ వేసి, ఆ తర్వాతే కంగారు పడతారు. ఆయన 'నిపుణుల గుర్తింపు కమిటీ' వేసి, తానే అధ్యక్షుడై, ఇద్దరు సభ్యులను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒకరికి కంప్యూటర్ అంటే భయం, ఇంకొకరికి వచ్చే ఏడాది రిటైర్మెంటు. ఇంత నిష్పాక్షికమైన కమిటీని ఏరియా ఎన్నడూ చూడలేదని అందరూ ఒప్పుకున్నారు.

కమిటీ క్లబ్బులో తెర కట్టించుకుని, మిర్చి బజ్జీలు తెప్పించుకుని, నెలంతా సినిమాలూ సీరియళ్లూ చూసింది. డ్యూటీ మీదే చూసింది. చూసి నివేదిక రాసింది. దాని ప్రకారం ఏ సినిమాలో అయినా కంప్యూటర్ మేధావి ఒక్కడే, పేరు మార్చుకుని వాడే వచ్చిపోతుంటాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు, వంగిన వీపు, చీకటి గది, వేళగాని వేళ తిండి. మనుషులతో మాట్లాడడు, మిషన్లతో మాట్లాడతాడు. ఏం చెప్పినా ముందు నావల్ల కాదంటాడు, ఆ మాట పూర్తికాకముందే చేసిపెడతాడు. వాడు కీబోర్డు మీద టకటకలాడిస్తే నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు పరుగెడతాయి, దేశం బతుకుతుంది. వాడికి తల్లీ తండ్రీ ఉండరు, రేషన్ కార్డు ఉండదు, ఒక చిప్సు పొట్లం ఉంటుంది. ఈ లక్షణాలున్నవాడే నిపుణుడనీ, లేనివాడికి ఎంత తెలిసినా అది కేవలం తెలియడమేననీ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఊరు కమిటీ కంటే ముందే ఈ శాస్త్రాన్ని ఒంటబట్టించుకుంది. చౌరస్తాలో పవర్ లేని కళ్లజోళ్లు కుప్పపోసి అమ్ముతుంటే, ఇంటర్ పిల్లలు పుస్తకాలకంటే ముందు అవి కొంటున్నారు. కాలనీలో ఉచిత కంటి శిబిరం పెడితే తల్లులు పొద్దు పొడవకముందే పిల్లలను వరసలో నిలబెట్టారు. చూపులో లోపం ఉందని తేలినవాళ్లు మిఠాయి పంచారు. చూపు భేషుగ్గా ఉందని తేలినవాళ్లు డాక్టరును బతిమాలుకున్నారు. "ఇంకొక్కపారి మంచిగ చూడుండ్రి సార్. టీవీకి ముక్కు ఆనిచ్చి చూస్తడు పోరడు, ఎంతోకొంత పోయే ఉంటది" అని సారవ్వ అనే ఆమె కంటతడి పెట్టుకుంది. బడిలో పిల్లలు తమంతట తామే సర్దుకున్నారు. కళ్లజోడున్నవాడు లెక్కలు చేయాలి, లావుగా ఉన్నవాడు జోకులు వేయాలి, కండలున్నవాడు ఏమీ చదవకూడదు. కబడ్డీ ఆడే ఒక కుర్రాడికి లెక్కల్లో తొంభై దాటితే, ఈ ముఖానికి ఇన్ని మార్కులేమిటని కన్నతండ్రే కాపీ నేరం మోపి నాలుగు తగిలించాడు. (కుర్రాడు తర్వాతి పరీక్షలో అత్తెసరుతో గట్టెక్కి ఇంటి పరువు నిలబెట్టాడు.)

ఎల్లేశానికి ఇవేవీ పట్టలేదు. అతడికి పట్టిన సంగతి ఒక్కటే, కూతురు జమున ఉద్యోగం.

ఎల్లేశం పాతికేళ్లకు పైగా బాయి దిగిన మనిషి. వయసులో తట్టా చెమ్మాసు, అంటే గంపా పారా, పట్టి బొగ్గు ఎత్తాడు. తర్వాత పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాడు. కిందటేడు కంపెనీ దవాఖానలో పరీక్ష చేసి, చూపు తగ్గింది, లోపలి పనికి పనికిరాడు, పైన పనికి పనికొస్తాడు అని రాసి, మందపాటి కళ్లజోడు చేతిలో పెట్టి, ఏరియా ఆఫీసుకు అటెండరుగా పంపారు. చీకటికి అలవాటుపడ్డ కళ్లు వెలుతురులో నిలవవు, చికిలిస్తూ ఉంటాయి. తలెత్తితే కప్పు తగిలే చోట బతికిన వీపు ఎంత ఎత్తు గదిలో అయినా వంగే ఉంటుంది. మూడు షిఫ్టులు తిరిగిన కడుపు ఎప్పుడు అన్నం అడుగుతుందో దానికే తెలియదు. మిషన్ల రొదలో ఏళ్లు గడిపినవాడికి మాట మీద పెద్ద ఆశ ఉండదు. ఇవన్నీ బొగ్గు వేసిన గుర్తులు. ఏ కాలనీలో పిలిచినా ఇలాంటి మనుషులు గంపెడు మంది పలుకుతారు.

తాను చీకట్లో చేశాడు కనుక బిడ్డ వెలుగులో చేయాలని అతడి పంతం. జమున బీటెక్‌లో కంప్యూటర్స్ చదివి, ఈ చుట్టుపక్కల ఉన్న ఆ ఒక్క పోస్టు కోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని కూర్చుంది. నవ్వితే నాలుగు క్వార్టర్ల అవతలికి వినబడుతుంది. ఎదుటివాళ్ల కళ్లల్లోకి చూసి మాట్లాడుతుంది. మందమర్రిలో ఖో-ఖో ఆడి కప్పు తెచ్చింది. ఆమె మీద చెప్పుకోదగ్గ నేరాలు ఇవే.

ఇంటర్వ్యూలో కమిటీ ఆమెను చాలాసేపు అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పింది. రెండు మూడు చోట్ల ప్రశ్ననే సరిచేసి మరీ చెప్పింది. ఆ తర్వాత జాన్ ప్రసాద్ గారు అసలు విషయానికి వచ్చారు.

"చీకటి గదిల కూసోవెడితే ఏం చేస్తవమ్మా?"

"లైటు వేసుకుంట సార్."

సభ్యులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అన్నం ఏ టైముకు తింటవ్?"

"పగటీలి సార్. ఒంటిగంటకు."

"నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పడితే?"

"రంగు మార్చుకుంట. లేకుంటే కండ్లు గుంజుతయ్ సార్."

ఆమె ఫైలు మీద జాన్ ప్రసాద్ గారు బాధగానే రాశారు: 'అభ్యర్థిని ముఖంలో కంప్యూటర్ కనబడలేదు.' దానికి కారణం కూడా జతచేశారు. సినిమాల్లో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి మొదట కళ్లజోడు ఉంటుంది. సగం సినిమాలో పాట వస్తుంది, కళ్లజోడు తీసేస్తుంది, అందంగా మారుతుంది, ఇక కంప్యూటర్ ముట్టుకోదు. ఈమె ఇంటర్వ్యూకే కళ్లజోడు లేకుండా వచ్చింది. అంటే కంప్యూటర్ ముట్టుకునే దశ ఎప్పుడో దాటిపోయిందని లెక్క.

సాయంత్రం ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు. ఎల్లేశం భార్య పోశవ్వ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. "అన్నీ చెప్పిన బాపు. ఒక్కటి తప్పు చెప్పలే" అన్నది జమున. బాయి లోపల కప్పు కూలితే ఎటు ఉరకాలో తెలిసిన ఎల్లేశానికి, బిడ్డ ముఖం అలా ఉంటే ఎటు చూడాలో తెలియలేదు. "అద్దాలు పెట్టుకొని పోతే అయిపోవు గద బిడ్డ, నావి ఇస్తుంటి" అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు గానీ ఆ మాటకు తనకే ఏడుపొచ్చింది.

కమిటీ ఆ తర్వాత కూడా చాలామందిని చూసింది. అందరూ కళ్లజోళ్లు పెట్టుకునే వచ్చారు, అందరూ మాకు వచ్చు అనే అన్నారు, కనుక అందరినీ తిరగ్గొట్టింది. ఒకనాడు అలసిపోయి, చాయ్‌కి పోతూ, కింద మిషన్ గది తలుపు తీసింది.

ఆ గదికి కాపలా ఎల్లేశమే. కొత్త మిషన్, అదే సర్వర్ అంటారు, బీరువా అంత ఉంటుంది, ఆ గదిలోనే పెట్టారు. ట్యూబులైటు కళ్లకు పడదని అతడు లైటు వేసుకోడు. బాయి దిగినవాడు ఎక్కడ కూర్చోబోయినా ముందు కర్రతో పైకప్పు కొట్టి, చెవిపెట్టి వింటాడు. గట్టి చప్పుడు వస్తే కూర్చుంటాడు, గుల్ల చప్పుడు వస్తే లేచిపోతాడు. ఈ అలవాటు ఉన్నవాళ్లే పింఛను దాకా వచ్చారు. ఆఫీసులో కప్పు చేతికందదు, మిషన్ అందుతుంది. కాబట్టి ఎల్లేశం రోజూ దాన్నే నాలుగు వైపులా కర్రతో తట్టి, చెవి ఆనించి విని, తృప్తిపడి, పక్కన కూర్చుంటాడు.

కమిటీ తలుపు తీసేసరికి అతడు వింటున్నాడు. చీకటి గది, సోడాబుడ్డి అద్దాలు, వంగిన వీపు, ఒళ్లో పదింటికే తెరిచిన టిఫిన్ డబ్బా. వెలుతురు పడగానే కళ్లు చికిలించి నేలచూపులు చూశాడు.

"ఏం చేస్తున్నవ్?" అని జాన్ ప్రసాద్ గారు భక్తిగా అడిగారు.

"ఇంటున్న సార్."

"ఏమంటున్నది అది?"

"గట్టిగనే ఉన్నది సార్. కూలదు."

కూలలేదు కూడా. ఆ వారం అన్ని ఏరియాల్లోనూ మిషన్లు ఆగిపోయాయి, ఇక్కడిది ఒక్కటే నిక్షేపంగా నిలబడింది. (దానికి ఇంకా వైరు కలపలేదు.)

నువ్వే మా నిపుణుడివని కమిటీ అనగానే ఎల్లేశం తన బాధ చెప్పుకున్నాడు. "సార్, నాకు కంప్యూటర్ రాదు. బటన్ నొక్కి దాన్ని చాలు చేసుడు గూడ రాదు. నేను తట్టా చెమ్మాసు పట్టినోన్ని."

జాన్ ప్రసాద్ గారు సభ్యుల వైపు తిరిగారు. "ఇన్ని దినాల సంది వచ్చినోళ్లంత వచ్చు వచ్చు అన్నోళ్లే. రాదన్నోడు ఒక్కడన్న దొరికిండా? సినిమాల ఎట్ల ఉంటదో అట్లనే ఉన్నది."

"నిజంగనే రాదు సార్. నా బిడ్డకు వస్తది. జమున. మొన్న మీరే వద్దన్నరు."

కుటుంబం గురించి మాట్లాడటం చిన్న లోపమని కమిటీ గుర్తించింది, మేధావికి కుటుంబం ఉండకూడదు కదా. మిగతా లక్షణాలు నూటికి నూరు పాళ్లు ఉన్నాయి కనుక ఆ ఒక్కదాంట్లో సడలింపు ఇచ్చి, 'కంప్యూటర్ నిపుణుడు (యాక్టింగ్)' అని ఆర్డరు చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి పోశవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. "కంప్యూటర్ల నీకేమెరుకయ్యా? రిమోటుల సెల్లు ఎటు ఎయ్యాలెనో నన్నడుగుతవ్."

జమున పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లింది, చాలాసేపు రాలేదు. ఎల్లేశానికి బిడ్డ కంచంలో అన్నం లాక్కుని తిన్నట్టు అనిపించింది. పెరటి గడపలో నిలబడి, "రేపు పొయ్యి వద్దని చెప్పొస్త బిడ్డ" అన్నాడు.

"నువ్వు వద్దంటే నాకిస్తరా బాపు?"

"ఇయ్యరు."

"మరి వద్దనకు. ఇంకెవనికో ఇచ్చేదానికన్న నువ్వుంటే నయం. పని నేను చేస్త."

అలా కంపెనీకి నిపుణత వచ్చింది. రోజూ పగటిపూట జమున టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేది, తలుపు వేసేది, లైటు వేసేది. ముందు వైరు కలిపింది. తర్వాత కార్మికుల మస్టర్లు, అదే హాజరు, అన్ని గనుల నుంచీ ఆ మిషన్‌లోకి వచ్చి పడేలా చేసింది. ఎల్లేశం పక్కన కూర్చుని ఆమె వేళ్లు చూస్తూ అన్నం తినేవాడు. మిషన్ ఏమిటో అతడికి తెలియలేదు గానీ ఆ గంటసేపు గదిలో సంతోషం ఉండేది. మూడు నెలల్లో ఏరియాకు మంచిపేరు వచ్చింది. జాన్ ప్రసాద్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. పనంతా ఎల్లేశం చీకట్లో ఒంటరిగా చేస్తున్నాడని, కూతురు అన్నం తెచ్చి తండ్రికి అడ్డం పడుతున్నదని ఆఫీసంతా అనుకుంది.

ఎల్లేశానికి ఈ గౌరవం మెడలో బండలా ఉంది. ఎలాగైనా అనర్హుడు కావాలని నిశ్చయించుకున్నాడు. క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లజోడు జేబులో పెట్టుకుని, నొప్పి ఓర్చుకుని వీపు నిటారుగా నిలిపి ఆఫీసుకు వెళ్లాడు. గేటు నుంచి కనబడ్డ ప్రతి మనిషినీ ఆపి పలకరించాడు. (కళ్లజోడు లేదు కనుక అందులో రెండు స్తంభాలు కూడా ఉన్నాయి.) కమిటీ వెంటనే కూర్చుంది. ఎల్లేశం ఆశగా బయట నిలబడ్డాడు. లోపలినుంచి వచ్చిన తీర్మానం ఇది: సినిమా సగం గడిచాక మేధావి కళ్లజోడు తీసి, నిటారుగా నిలబడి, హీరో అవుతాడు. మన నిపుణుడు ఆ దశకు గడువుకంటే ముందే చేరుకున్నాడు. యాక్టింగ్ కొనసాగుతుంది, కుర్చీ మాత్రం పెద్దది ఇవ్వాలి.

పెద్ద కుర్చీతో కొత్త చిక్కు వచ్చింది. చూడవచ్చినవాళ్లకు ఈ నిపుణుడు ఏం చేస్తున్నాడో అర్థం కావడం లేదు. అడిగితే చెప్పడు, చెప్పినా కర్ర, కప్పు, చప్పుడు అంటాడు. కమిటీ మళ్లీ క్లబ్బుకు వెళ్లి, మళ్లీ బజ్జీలు తెప్పించుకుని, మళ్లీ సినిమాలు చూసి, లోపమెక్కడుందో పట్టుకుంది. మేధావి పక్కన ఎప్పుడూ ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆమెకేమీ తెలియదు. కళ్లు పెద్దవి చేసి "అంటే ఏంటి?" అని అడుగుతుంది. అతడు ఆమెకు చెబుతున్నట్టు జనానికి చెబుతాడు. అసలు మేధావి మేధావని తెలిసేది ఆమె వల్లే. అందుచేత కమిటీ 'వివరణ స్వీకర్త (మహిళ)' అనే పోస్టు సృష్టించింది. విధులు: నిలబడుట, ఆశ్చర్యపోవుట, అడుగుట. నిబంధన: స్వీకర్తకు విషయం అర్థమైనట్టు తేలితే తక్షణం తొలగించవలెను. ఆమెకే అర్థమయ్యేంత తేలిక విషయం చెప్పినవాడు నిపుణుడు కాడు కనుక, నిపుణుణ్ని కూడా ఇంటికి పంపవలెను.

ఈ పోస్టుకు ఇంటర్వ్యూలు అవసరం పడలేదు. ఫైళ్లు తిరగేస్తే 'ముఖంలో కంప్యూటర్ కనబడలేదు' అని అధికారికంగా ధ్రువీకరణ పొందిన మహిళ ఏరియా మొత్తంలో జమున ఒక్కతే. ఏ వాక్యంతో ఉద్యోగం పోయిందో ఆ వాక్యంతోనే వచ్చింది.

"ఏమంటవ్ బిడ్డ?" అని ఎల్లేశం అడిగాడు. ఆర్డరు కాగితం అతడి చేతిలో ఉంది, ఇవ్వడానికి చేయి రావడం లేదు.

"డబ్బ మోసుకుంట దొంగలెక్క వచ్చేదానికన్న నయం గద బాపు. గదిల ఉంట, పని చేస్త. ఎవలన్న వచ్చినప్పుడు జెరసేపు తెల్వనట్టు ఉంటే అయిపాయె."

మొదట్లో అది ఆటలాగే నడిచింది. చూడవచ్చినవాళ్లు రాగానే జమున కుర్చీలోంచి లేచేది, ఎల్లేశం కూర్చునేవాడు. "అంటే ఏంది సార్?" అని కన్నతండ్రిని అడిగి, ఎవరూ చూడకుండా కన్నుగీటేది. ఎల్లేశం తనకు తెలిసిందే చెప్పేవాడు. ముందు తట్టి చూడాలె, గుల్లగ ఉంటే దగ్గరికి పోవద్దు, తొందర పడొద్దు, పక్కోన్ని ఇడిసిపెట్టి ఉరకొద్దు. వచ్చినవాళ్లు శ్రద్ధగా రాసుకునేవాళ్లు. లోకల్ కేబుల్ ఛానల్ వాళ్లు వచ్చి వీడియో తీసుకుని, వెనక హోరుమనే సంగీతం కలిపి, వారమంతా వేశారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం తండ్రీ కూతుళ్లు ఇంటికి వస్తుంటే, క్వార్టర్ల వెనక పిల్లలు కంప్యూటరాఫీసు ఆట ఆడుతున్నారు. మగపిల్లవాడు ఒకడు వాళ్ల తాత కళ్లజోడు పెట్టుకుని, ఇటుక మీద వేళ్లు ఆడిస్తున్నాడు. చుట్టూ ఆడపిల్లలు నిలబడి వంతులవారీగా "అంటే ఏంది?" అని అడుగుతున్నారు. ఒక చిన్నపిల్ల నేను కూర్చుంటానని ఇటుక దగ్గరికి వస్తే, మిగతా ఆడపిల్లలే ఆమె చేయి పట్టి వెనక్కి లాగారు. "నువ్వు జమునక్కవే. నువ్వు అడగాలె" అన్నారు.

జమున ఆగింది. ఆ ఇటుక వైపు ఒకసారి చూసి నడిచింది. ఆ రోజునుంచి ఆమె కన్నుగీటడం మానేసింది. క్వార్టర్లో నవ్వు కూడా గోడ దాటి వినబడటం లేదు. ఎల్లేశానికి అన్నం సయించలేదు. "నా కొలువు మీద మన్నువొయ్య, పిల్లను మూగదాన్ని చేసిన" అని భార్య దగ్గర మొత్తుకున్నాడు. "మొత్తుకుంటే ఏమొస్తది? ఎవలకు చెప్పాలెనో వాళ్లకు చెప్పు" అన్నది పోశవ్వ.

చెప్పే అవకాశం తనిఖీ రూపంలో వచ్చింది. హెడ్డాఫీసు నుంచి రెజీనా అనే పెద్ద ఆఫీసరు, సగం జీవితం కంప్యూటర్ విభాగంలోనే గడిపిన మనిషి, ఈ ఏరియా మహిమ కళ్లారా చూడటానికి వచ్చారు. నిపుణుడి యాక్టింగూ, స్వీకర్త ఉద్యోగమూ పర్మనెంట్ చేయాలా తీసేయాలా అన్నది ఆమె సంతకం మీద ఉంది. దండలు, శాలువాలు, సమోసాలు సిద్ధం. సరిగ్గా ఆమె గదిలో అడుగుపెట్టిన వేళకు సర్వర్ ఆగిపోయింది. మస్టర్లు పడటం లేదు. అన్ని గనుల దగ్గరా రెండో షిఫ్టు మనుషులు వరసల్లో నిలబడిపోయారు. మస్టరు పడందే ఎవరినీ లోపలికి దించరు. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి.

కమిటీ ఎల్లేశం వైపు చూసింది. ఎల్లేశం పెద్ద కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. జమున రెండు నిమిషాలు ఓర్చుకుంది. తర్వాత ముందుకొచ్చి, కీబోర్డు తనవైపు లాక్కుని, నిలబడే పని మొదలుపెట్టింది.

"ఆ అమ్మాయి ఏం చేస్తున్నది?" అని రెజీనా గారు అడిగారు.

"కీబోర్డు తుడుస్తున్నది మేడం. మన దగ్గర దుమ్ము జాస్తి" అని జాన్ ప్రసాద్ గారు వివరించారు.

చాలాసేపు తుడిచింది. మిషన్ లేచింది, మస్టర్లు పడ్డాయి, వరసలు కదిలాయని ఫోన్లు వచ్చాయి. కమిటీ చప్పట్లు కొట్టి ఎల్లేశం మెడలో దండ వేసింది. కదలకుండా, చేయి ఎత్తకుండా, కేవలం చూపుతో మిషన్‌ను బాగుచేసిన మనిషిని సినిమాల్లో కూడా చూడలేదని రిటైర్ కాబోయే సభ్యుడు చేతులు జోడించి అన్నాడు.

ఎల్లేశం లేచాడు. దండ తీసి బల్ల మీద పెట్టాడు. "మేడం, ఒక్క మాట. ఇది నేను చేసింది గాదు. ఇదొక్కటే గాదు, ఇన్ని దినాల సంది అంత నా బిడ్డనే చేసింది. నాకు అక్షరం తెల్వది. నా నౌకరి పోతే పోనీ. దానికి వస్తదని ఒక్క కాయితం మీద రాయిండ్రి, చాలు." పాతికేళ్ల బాయి పనిలో ఎవరి ముందూ ఏడవని మనిషి అందరి ముందూ ఏడ్చాడు.

గదిలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. మేధావి చివర్లో పేరంతా ఇంకొకరికి ఇచ్చేస్తాడని, ఇది కూడా లక్షణమేనని జాన్ ప్రసాద్ గారు మెల్లగా గుర్తుచేశారు. అలాగే నిబంధన కూడా గుర్తుచేశారు. స్వీకర్తకు అర్థమైందని తేలితే ఇద్దరూ ఇంటికే. స్వీకర్త నిపుణురాలిగా అర్హురాలా అంటే కాదు, ముఖం సంగతి ఫైల్లో ఉండనే ఉంది.

రెజీనా గారు జమునను దగ్గరికి పిలిచారు. గొంతు తగ్గించి, దయగానే అడిగారు. "మీ నాన్న చెప్పింది నిజమేనా అమ్మా? సర్వర్ నువ్వే బాగుచేసినవా? నిజం చెప్పు. నువ్వేం చెప్తే అదే రాస్త."

జమున ఆమె ముఖంలోకి చూసింది. రెజీనా గారికి నల్లటి మందపాటి ఫ్రేము కళ్లజోడు ఉంది. అద్దాల వెనక కళ్లు ఉన్నవి ఉన్నట్టే కనబడుతున్నాయి, చిన్నవీ కాలేదు, పెద్దవీ కాలేదు. ఇంట్లో రోజూ తండ్రి కళ్లజోడు తుడిచే పిల్లకు అది పవర్ లేనిదని తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. సగం జీవితం కంప్యూటర్లతో గడిపిన ఆఫీసరుకే ముఖంలో కంప్యూటర్ కనబడటానికి ఉత్త అద్దాలు కావలసి వచ్చాయి.

పక్కన ఎల్లేశం నిలబడ్డాడు. చెప్పు బిడ్డ, చెప్పు అని అతడి ముఖమంతా అడుగుతోంది. జమున అటు తిరగలేదు. వీపు నిటారుగా పెట్టి, చేతులు ముందుకు కట్టుకుని, కళ్లు పెద్దవి చేసింది.

"సర్వర్ అంటే ఏంది మేడం?" అన్నది.

రెజీనా గారు కళ్లజోడు సర్దుకుని, స్వీకర్త అడిగిన తీరులో నటన ఏమాత్రం కనబడలేదని రాసి, తండ్రీ కూతుళ్లిద్దరినీ అక్కడికక్కడే పర్మనెంట్ చేశారు.